ఫుకుఓకాలో నాలుగు వారాలు, ఒక తెలుగు నోటుపుస్తకం

జపాన్‌లో బడులు ఏప్రిల్‌లో మొదలవుతాయి. వేసవి సెలవులు జులై మూడో వారం దాటితే గాని ఇవ్వరు. అమెరికా, ఐరోపా పిల్లల్లో చాలామందికి మాత్రం జూన్ నుంచే తీరిక. విదేశాల నుంచి వచ్చే పదిహేను, పదిహేడేళ్ళ పిల్లల కోసం అక్కడి భాషా పాఠశాలలు నడిపే వేసవి తరగతులు ఈ లెక్కలన్నీ చూసుకుని ఎక్కువగా జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా జరుగుతాయి. మనకు అప్పటికి మామిడిపళ్ళ కాలం దాటిపోయి, కాలేజీలు తెరిచి, యూనిట్ పరీక్షల తేదీలు కూడా బోర్డు మీద పడిపోతాయి. అందువల్ల మన పిల్లలెవరైనా అటు వెళ్ళాలనుకుంటే ముందు వెతుక్కోవలసింది నెల రోజుల ఖాళీ. డబ్బు సంగతి ఆ తరువాత. నాకు ఆ ఖాళీ ఇంటర్మీడియెట్ పూర్తయి డిగ్రీ మొదలయ్యే సందులో, 2024 జులైలో, పదిహేడో ఏట దొరికింది. డిగ్రీ సీట్లు కేటాయించే ‘దోస్త్’లో సీటు వచ్చిన కాలేజీకి వెళ్ళి, మొదటి మూడు వారాలు రాలేనని నాన్నగారే ప్రిన్సిపాల్ గారిని బతిమాలుకున్నారు.

అంతకు ముందు నాకు జపనీస్‌తో ఉన్న పరిచయం చాలామంది ఈడు పిల్లలకు ఉన్నలాంటిదే. తొమ్మిదో తరగతిలో కార్టూన్లతో మొదలై, సొంతంగా అక్షరాలు దిద్దుకుని, సికింద్రాబాద్‌లో మా ఇంటికి దగ్గరలో ఒక మేడమ్ గారి దగ్గర వారానికి రెండు పూటలు నేర్చుకుని, 2023 డిసెంబరులో చెన్నై వెళ్ళి జె.ఎల్.పి.టి. అనే జపనీస్ భాషా పరీక్షలో అన్నిటికన్నా కింది మెట్టయిన ఎన్5 రాసి గట్టెక్కాను. నేర్చుకున్నదంతా ఇంగ్లీషు ద్వారానే. ఈ సంగతి ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, ఫుకుఓకాలో నా కష్టమంతా దానివల్లే వచ్చింది, ఆ కష్టం తీరిన తీరే ఈ అనుభవంలో చెప్పుకోదగ్గ విషయం.

జపాన్ ప్రభుత్వం తరఫున ఉచితంగా తీసుకువెళ్ళే పథకాలు ఉన్నాయి గాని అవి నాకు అమరలేదు. సకురా సైన్స్ పేరుతో నడిచేది సైన్సు పిల్లల కోసం, నాది సీఈసీ. ఆసియా దేశాల పిల్లలను అక్కడి హైస్కూళ్ళలో చేర్చిన కకెహాషి పథకం నెలల తరబడి సాగేది. మిగిలినవి సొంత డబ్బుతో చేరే తరగతులు. మొదట ఒక కన్సల్టెన్సీకి వెళితే, వీసా పూచీ తమదంటూ ఫీజు మీద ఇంకో ఫీజు చెప్పారు. వీసా ఇచ్చేది కాన్సులేటు అయినప్పుడు పూచీ వీళ్ళదెట్లా అవుతుందని నాన్నగారు అడిగిన ప్రశ్నకు అక్కడ జవాబు లేదు. ఆ మెట్లు దిగి వచ్చాక పాఠశాలకు మేమే నేరుగా మెయిల్ రాశాం. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. టోక్యో వద్దనుకుని ఫుకుఓకా ఎంచుకోవడానికి రెండు కారణాలు: ఖర్చు కాస్త తక్కువ, ఇంగ్లీషుతో నెట్టుకురావడం కాస్త కష్టం. రెండోది నేను కోరి తెచ్చుకున్న కష్టం. నాలుగు వారాల చదువు, ఒక కుటుంబంలో బస, విమానం అన్నీ కలిపి నాలుగు లక్షలు దాటింది. అమ్మ పాడుకున్న చిట్టీ అటే పోయింది.

దరఖాస్తులో నన్ను ఆపింది వ్యాసం కాదు, బస ఇచ్చే కుటుంబం కోసం నింపే కాగితం. పిల్లులంటే భయమా, రాత్రి ఎన్నింటికి పడుకుంటారు, ఏవి తినరు అంటూ మూడు పేజీలు. తినని వాటి దగ్గర ‘శాకాహారి’ అన్న గడిలో టిక్కు పెట్టి ఊరుకున్నాను. అక్కడ ఒక్క వాక్యం అదనంగా రాసి ఉంటే మొదటి వారం సుఖంగా గడిచేది.

వీసా కాగితాలు హైదరాబాద్‌లోనే ఇచ్చాం. ఫైలు చెన్నైలోని జపాన్ కాన్సులేటుకు వెళ్ళి వస్తుంది. పాఠశాల పంపిన ఆహ్వానపత్రం, నాన్నగారి ఆదాయపు పన్ను రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, మైనరును కాబట్టి తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అంగీకారపత్రం, వీటన్నిటితో పాటు ఏ తేదీన ఎక్కడ ఉంటానో రోజువారీగా రాసిన పట్టిక జతచేయాలి. ఆ పట్టికను కాన్సులేటు వాళ్ళు ఎంత శ్రద్ధగా చూశారో గాని, అమ్మ మాత్రం దాని జిరాక్సు తీయించి వంటింటి తలుపుకు అతికించింది. ప్రయాణం ముందు రోజు ఆవిడ సర్దిన పెట్టెలోంచి నేను తీసేసినవి రెండు. ఒకటి తడిగుడ్డలో చుట్టిన పచ్చి కరివేపాకు, ఎందుకంటే పచ్చి ఆకులు, పళ్ళు తనిఖీ పత్రం లేకుండా ఆ దేశంలోకి రానివ్వరు. రెండోది జలుబు మాత్రల పట్టీ. సూడోఎఫెడ్రిన్ పాళ్ళు ఎక్కువున్న మందులను అక్కడ నిషేధించారు. చింతకాయ పచ్చడి సీసా మాత్రం ఏ అడ్డూ లేకుండా వచ్చింది.

బ్యాంకాక్‌లో విమానం మారి జూన్ 30, ఆదివారం పొద్దున దిగాను. ఫుకుఓకా విమానాశ్రయం ఊళ్ళోనే ఉంటుంది. దేశీయ టెర్మినల్ కింద మెట్రో ఎక్కితే రెండో స్టేషనే హకత, అయిదు నిమిషాల దారి. వాళ్ళ ‘త్సుయు’, అంటే ముసురు రోజులు, ఇంకా నడుస్తున్నాయి. నన్ను తీసుకువెళ్ళడానికి వచ్చిన ఆవిడ నా పేరు కతకానా లిపిలో రాసిన అట్టముక్కను వానలో తడవకుండా పాలిథిన్ సంచిలో పెట్టి పట్టుకుని నిలబడ్డారు. ఆ ఇంట్లో ఆవిడ, ఆవిడ భర్త, పన్నెండేళ్ళ కొడుకు, ఆయన తల్లి ఉంటారు. ఆ పెద్దావిడను నేను మొదటి రోజు నుంచీ మామ్మగారనే అనుకున్నాను. పైకి ‘ఒబాచాన్’ అని పిలిచాను.

ఆ రాత్రే భోజనాల దగ్గర చిక్కు బయటపడింది. మాంసం లేకుండా చేశామని ఎంతో ప్రేమగా పెట్టిన సూపులో, గుమ్మడికాయ కూరలో, చివరికి పాలకూర మీద చల్లిన పల్చటి పొరల్లో కూడా చేప ఉంది. ఎండబెట్టిన బొనీటో చేపను తురిమి కాచిన ‘దాషి’ అనే నీళ్ళే వాళ్ళ వంటకు మూలం, మన చారుకు చింతపండు రసంలాగా. మాంసం తినను అంటే చేప తింటానని, చేప తినను అంటే ముక్క తిననని అర్థం చేసుకుంటారే తప్ప ఆ నీళ్ళ సంగతి ఎవరికీ తట్టదు. దాషి కూడా కూడదని పాఠశాల వాళ్ళు ముందే ఆ ఇంటికి చెప్పాలి, చెప్పలేదు. నేనైనా రాసి ఉండాలి, రాయలేదు. మూడు రోజులు అన్నంలో చింతకాయ పచ్చడి కలుపుకుని తిన్నాను. నాలుగో రోజు మామ్మగారు కొంబు అనే సముద్రపు నాచునూ ఎండు పుట్టగొడుగులనూ రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళతో సూపు కాచారు. బౌద్ధ మఠాల వంట అదేనట. ఆ తరువాత ఆ ఇంట్లో నాకు తిండికి లోటు రాలేదు.

సోమవారం పొద్దున బడికి బయలుదేరుతూ గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటున్నాను. ఆ ఇంటి అబ్బాయి నా పక్క నుంచి దూసుకుపోతూ లోపలికి వినబడేట్టు ‘ఇత్తె కిమాసు’ అని అరిచాడు. లోపలి నుంచి మామ్మగారు ‘ఇత్తె రష్షాయ్’ అన్నారు. ఈ రెండు మాటలూ నాకు కొత్తవి కావు. ఇంగ్లీషు పుస్తకంలో వాటి పక్కన ‘ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు అనే మర్యాద మాట’, ‘దానికి జవాబు’ అని ఉంటే బట్టీ పట్టినదాన్నే. ఆ గుమ్మంలో కూర్చుని మాటను విడగొట్టి చూశాను. ‘ఇత్తె’ అంటే వెళ్ళి, ‘కిమాసు’ అంటే వస్తాను. వెళ్ళొస్తాను. మామ్మగారి జవాబు వెళ్ళి రా. ‘వెళుతున్నాను’ అంటే మా అమ్మమ్మ వెనక్కి పిలిచి, మళ్ళీ కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, ‘వెళ్ళొస్తాను’ అనిపించి గాని పంపేది కాదు. మూడేళ్ళుగా ఈ మాటను ఇంగ్లీషు అద్దంలోంచి చూస్తూ, అది మా ఇంటి మాటేనని గుర్తుపట్టలేకపోయాను.

అయినా ఆ వెలుగు తరగతి గది దాకా రాలేదు. మొదటి రోజు పరీక్ష పెట్టి నన్ను మూడో గుంపులో కూర్చోబెట్టారు. మేం ఎనిమిదిమందిమి: ఆస్ట్రేలియా, అమెరికా, ఇటలీ, హాంకాంగ్ పిల్లలు, ఒక కొరియా అమ్మాయి, నేను. పొద్దున నాలుగు పీరియడ్లు భాష, మధ్యాహ్నం సంస్కృతి. పాఠం జపనీస్‌లోనే చెప్పేవారు, చేతికిచ్చే కాగితంలో వివరణ ఇంగ్లీషులో ఉండేది. నేను వాక్యం వినగానే ఇంగ్లీషులోకి తిప్పుకుని, జవాబు ఇంగ్లీషులో ఆలోచించి, దాన్ని తలకిందులు చేసి జపనీస్‌లోకి దించేదాన్ని. నేను దించేలోగా ప్రశ్న ఇంకొకరి దగ్గరికి వెళ్ళిపోయేది. గురువారానికల్లా కింది గుంపులోకి మారతావా అని టీచరు గారు మెల్లగా అడిగారు. సోమవారం చెబుతానన్నాను.

నా పక్కన కూర్చునే కొరియా అమ్మాయి ఒక్కతే మాత్రం కాగితంలోని ఇంగ్లీషు వైపు చూసేది కాదు. ఆ అమ్మాయి నోటుపుస్తకంలో జపనీస్ వాక్యం, దాని కింద మాటకు మాట సరిగ్గా అదే వరుసలో కొరియన్ వాక్యం ఉండేవి. బాణాలు, అడ్డగీతలు ఏమీ లేవు. రెండు భాషలూ ఒకే వరుసలో నడుస్తాయని, మధ్యలో ఇంగ్లీషు ఎందుకని తను వచ్చీరాని ఇంగ్లీషులోనే అంది. ఆ సాయంత్రం నూరు యెన్ల దుకాణంలో కొత్త నోటుపుస్తకం కొని, మొదటి పేజీలో ఆ రోజు పాఠంలోని వాక్యాన్ని రాసి, దాని కింద తెలుగు రాశాను. ‘కినో కత్త హోన్’. నిన్న కొన్న పుస్తకం. కినో నిన్న, కత్త కొన్న, హోన్ పుస్తకం. ఒక్క మాటను కూడా కదిలించనక్కరలేదు. ఇంగ్లీషులో పుస్తకం ముందుకొచ్చి, కొన్న సంగతి ‘విచ్’ అనే తోక పట్టుకుని వెనకాల వేలాడుతుంది. ఆ తోకను తిప్పడం నేర్పడానికి మా కాగితంలో పేజీన్నర ఖర్చుపెట్టారు.

శని, ఆదివారాలు ఆ నోటుపుస్తకంతోనే గడిచాయి. ఇంగ్లీషు కాగితంలో ముప్పైకి పైగా వేర్వేరు ‘వ్యాకరణాంశాలు’గా అంకెలు వేసి ఇచ్చిన వాటిలో సగం మనం నోరు తెరిస్తే వచ్చేవే. ‘తబెతె మిరు’ను ఇంగ్లీషు ఒక ప్రయత్నంగా వివరిస్తుంది, మిరు అంటే చూడడం, కనుక అది ‘తిని చూడు’. ‘కత్తె ఓకు’ ముందుగానే చేసే పని అట; ఓకు అంటే పెట్టడం, కనుక ‘కొని పెట్టు’. ‘మొత్తె కురు’ పట్టుకు రా, ‘మొత్తె ఇకు’ పట్టుకు పో. కొరె, అరె, దొరె అన్నవి ఇది, అది, ఏది. మధ్యలో ‘సొరె’ అని ఎదుటివాళ్ళ దగ్గరున్నదాన్ని చూపించే మాట ఒకటి వాళ్ళకు ఎక్కువ. అందరినీ తికమక పెట్టిన పట్టిక ఇంకొకటి: దరె అంటే ఎవరు, దరెక అంటే ఎవరో, దరెమొ అంటే ఎవరూ, దరెదెమొ అంటే ఎవరైనా. మనం చివర ఓ, ఊ, ఐనా తగిలించినట్టే వాళ్ళు క, మొ, దెమొ తగిలిస్తారు. ఏదో, ఏదీ, ఏదైనా కూడా అదే వరస. ఇక వాక్యానికి వాక్యాన్ని ముడివేసే ‘తొ’ ఉంది. రేపు వస్తాను అని అన్నాడు, వాన పడుతుంది అని అనుకుంటున్నాను, దీన్ని కొంబు అని అంటారు, ఈ మూడు చోట్లా మనం ‘అని’ పెట్టినట్టే వాళ్ళు ‘తొ’ పెడతారు. ఇంగ్లీషులో ఆ మూడింటికీ ఒకే మాట లేదు గనక కాగితంలో అది మూడు పాఠాలుగా చీలిపోయింది.

గోడకున్న అక్షరాల పటం కూడా ఆ వారంలోనే కొత్తగా కనబడింది. అ, ఇ, ఉ, ఎ, ఒ. ఆపైన అ, క, స, త, న, హ, మ, య, ర, వ వరుసలు. ఇది మన వర్ణమాల నడకే. సంస్కృతాన్ని ‘సిద్ధం’ అనే మన పాత లిపిలో చదువుకున్న బౌద్ధ భిక్షువుల ద్వారా ఆ వరుస అక్కడికి చేరింది; ఇప్పటి హ వరుస ఒకప్పుడు ప అని పలికేది గనక న తరువాత ప, మ రావడం కూడా సరిపోతుంది. ‘త్సు’ అనే అక్షరం దగ్గర ఆస్ట్రేలియా అబ్బాయి ముప్పుతిప్పలు పడ్డాడు. మనం చుక్క అనేటప్పుడు, చాప అనేటప్పుడు పలికే దంత్య చకారం, పాత పుస్తకాల్లో పైన గుర్తు పెట్టి ౘ అని రాసేది, అదే. పైగా ‘చి’ దగ్గర మామూలు చ, ‘చు’ దగ్గర ౘ అయ్యే పద్ధతి మనకూ వాళ్ళకూ ఒక్కటే. ఇన్ని పోలికలు చూసి రెండు భాషలకూ చుట్టరికం కలిపెయ్యాలని నాకూ అనిపించింది. సుసుము ఓనో అనే జపాన్ పండితుడు తమిళంతో అటువంటి చుట్టరికమే వాదించారు, కాని భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. వాక్యం కట్టే తీరు కలిస్తే వియ్యం కుదిరినట్టు కాదు. టర్కీ భాషలో కూడా క్రియ చివరికే వస్తుంది.

సోమవారం టీచరు గారికి మూడో గుంపులోనే ఉంటానని చెప్పాను.

తెలుగు నమ్ముకుని బోర్లా పడ్డ సందర్భాలూ ఉన్నాయి. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ‘దెసు’ అన్నచోట చివరి ఉకారాన్ని నిండుగా పలికేదాన్ని. వాళ్ళు దాన్ని మింగేసి ‘దెస్’ అంటారు. మనం వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళారు అంటే వెళ్ళిందెవరో క్రియే చెబుతుంది. వాళ్ళ క్రియకు అటువంటి తోక లేదు, అయినా కర్తను వదిలేస్తారు. భోజనాల దగ్గర కబుర్లలో ఎవరు వెళ్ళారో, ఎవరు తిన్నారో తెలియక సగం కథలు నాకు గాలిలో వేలాడేవి. చైనా నుంచి వచ్చిన కంజి అక్షరాల దగ్గర ఏ భాషా సాయం రాదు, హాంకాంగ్ పిల్లలకు తప్ప.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు ‘అనత’ అనే మాటతో జరిగింది. అది ‘మీరు’ అనుకున్నాను. రెండో వారంలో ఒక రాత్రి భోజనమయ్యాక, మర్యాదగా ఉంటుందని, ఆ ఇంటి పెద్దాయనను ‘అనత వా ఒచా ఒ నొమిమాసు కా’ అని, అంటే మీరు టీ తాగుతారా అని అడిగాను. అబ్బాయి పొలమారి దగ్గాడు. మామ్మగారు చేత్తో నోరు మూసుకున్నారు. ఆయన మాత్రం గంభీరంగా ‘తాగుతాను’ అన్నారు. తరువాత ఆ ఇంటి అమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ చెప్పిందేమిటంటే, పెద్దవాళ్ళను అనత అనడమే మర్యాద కాదు, పైగా ఇంట్లో భార్య భర్తను పిలిచే మాట అది. అంటే నేను ఆయనను ‘ఏవండీ, టీ తాగుతారా’ అన్నానన్నమాట. నిజానికి ఇక్కడ కూడా తెలుగును ఇంకాస్త లోతుగా తలచుకుని ఉంటే బయటపడేదాన్ని: మనం కూడా పెద్దవాళ్ళను ఉత్త ‘మీరు’తో కాక బాబాయిగారూ, పిన్నిగారూ అని వరస పెట్టే పిలుస్తాం. ఆ రోజు నుంచి ఆయన ఒతోసాన్, నాన్నగారు.

మధ్యాహ్నం సంస్కృతి తరగతుల గురించి నాకు అంత గొప్ప అభిప్రాయం లేదు. యుకతా అనే నూలు అంగీ కట్టి ఫొటోలు, టీ తయారీ గంటసేపు, కుంచెతో ఒక అక్షరం. ఏదీ రెండోసారి చేయించరు. ఆ ఇంట్లో నాకు అప్పగించిన చెత్త పనిలో అంతకన్నా ఎక్కువ నేర్చుకున్నాను. ఫుకుఓకా నగరంలో చెత్తబండి రాత్రిపూట వస్తుంది. పొద్దు గూకాక, అర్ధరాత్రి లోపల సంచి వీధిలో పెట్టాలి. కాలేది, కాలనిది, సీసాలు వేర్వేరు. నగరం అమ్మే సంచుల్లోనే కట్టాలి. ప్లాస్టిక్ సీసా మూత విప్పి, పైకాగితం ఒలిచి, కడిగి, తొక్కి గాని సంచిలో వేయనివ్వరు. ఏది ఎందులోకో మామ్మగారిని అడగడం, ఆవిడ చెప్పింది మళ్ళీ అనడం, రోజూ రాత్రి పది నిమిషాలు. తరగతిలో తడబడిన ‘కొరె’, ‘సొరె’ అక్కడ చేతిలో తడి సీసాతో కుదురుకున్నాయి.

జులై 3న జపాన్ కొత్త నోట్లు విడుదల చేసింది. వారం తిరగకుండా ఆ ఇంటి అమ్మగారు బ్యాంకు నుంచి తెచ్చి అయిదువేల యెన్ల నోటు చూపించారు. దాని మీదున్న త్సుదా ఉమెకో 1871లో ఇవాకురా దౌత్యబృందం వెంట ఆరేళ్ళ వయసులో అమెరికాకు చదువుకు వెళ్ళి, 1882లో తిరిగి వచ్చేసరికి మాతృభాష దాదాపు మరిచిపోయింది. ఆమె తరువాత 1900లో ఆడపిల్లల కోసం ఇంగ్లీషు బడి పెట్టింది. తల్లితో మాట్లాడడానికి మధ్యలో మనిషి కావలసి వచ్చిన ఆ పిల్ల సంగతి విన్న రాత్రి, నేను ఇంటికి ఫోన్ చేసి మామూలు కన్నా ఎక్కువసేపు మాట్లాడాను.

జులై మొదటి పదిహేను రోజులూ ఆ ఇంట్లో దోసకాయ కనబడలేదు. శాకాహారినని తెలిశాక కూడా నాకు సలాడ్‌లో దోసకాయ పెట్టకపోవడం వింతగా ఉండేది. అడిగితే తండ్రీకొడుకులిద్దరూ యామకసా అనే పండుగ వాహనాన్ని మోస్తున్నారని చెప్పారు. జులై 1 నుంచి 15 దాకా హకతలో జరిగే గియోన్ యామకసా పండుగలో పాల్గొనేవాళ్ళు ఆ రోజుల్లో దోసకాయ ముట్టరు. అడ్డంగా కోసిన దోసకాయ చక్రం కుషిద ఆలయ దేవుడి ముద్రలా ఉంటుందట. గియోన్ అన్న పేరు బుద్ధుడు వానాకాలాలు గడిపిన జేతవనానికి చైనా లిపిలో రాసిన పేరు నుంచి వచ్చింది. 1241లో ఊరికి మహమ్మారి తగిలితే ఒక భిక్షువు పల్లకీ లాంటి దాని మీద ఊరేగుతూ మంత్రజలం చల్లి తరిమాడని, పండుగ అలా మొదలైందని చెబుతారు.

పదిహేనో తేదీ రాత్రి రెండు గంటలకే లేచి మామ్మగారూ నేనూ వెళ్ళి దారి పక్క నిలబడ్డాం. సరిగ్గా 4 గంటల 59 నిమిషాలకు డప్పు మోగింది. మొదటి బృందం ఆలయ ప్రాంగణంలోకి దూసుకువెళ్ళి, ఆగి, పాట పాడింది. ఆ పాటకు ఒక నిమిషం కావాలి గనకనే అయిదు కాకుండా ఆ వేళ పెట్టారట. ఆ తరువాత ఒక్కో టన్ను బరువున్న యామకసాలను ఇరవై ఆరుగురికి పైగా మగవాళ్ళు భుజాల మీద ఎత్తుకుని ‘ఒయిసా, ఒయిసా’ అంటూ వీధుల వెంట అయిదు కిలోమీటర్లు పరుగెత్తారు. అలసినవాడి చోటులోకి ఇంకొకడు పరుగులోనే దూరతాడు. వీధి వాళ్ళు బకెట్లతో వాళ్ళ మీద నీళ్ళు గుమ్మరిస్తారు. మామ్మగారు నా చేతిలోనూ ఒక చెంబు పెట్టారు. సికింద్రాబాద్‌లో అదే ఆషాఢంలో అమ్మ బోనానికి కుండకు పసుపు రాస్తుంటుంది. మా ఊరి బోనాలు కూడా 1813లో మహమ్మారి తగ్గిన మొక్కుతో మొదలయ్యాయనే చెప్పుకుంటారు. నీళ్ళు విసిరి చూస్తే అవి ఒతోసాన్ మీద కాక పక్కనున్న ముసలాయన మీద పడ్డాయి. ఆయన పరుగు ఆపకుండానే దండం పెట్టాడు.

చివరి వారం ఒక్కొక్కరం అయిదు నిమిషాలు మాట్లాడాలి. నేను ఈ రెండు పండుగల మీద మాట్లాడాను. ఇంగ్లీషు చిత్తుప్రతి లేకుండా, తెలుగులో రాసుకుని, కింద జపనీస్ పెట్టుకున్నాను. ప్రశ్నలడిగే వంతు వచ్చినప్పుడు కొరియా అమ్మాయి బోనంలో ఏముంటుందని అడిగింది. అన్నం, బెల్లం, పెరుగు అన్నాను. తడుముకోకుండా వచ్చిన మొదటి జవాబు అది.

బయలుదేరే ముందు రోజు రాత్రి అమ్మతో ఫోనులో మాట్లాడుతున్నాను. మామ్మగారు పక్కనే కూర్చుని, పండుగ అయిపోయింది కాబట్టి, పల్చగా దోసకాయ తరుగుతున్నారు. పెట్టేసే ముందు అమ్మ మామూలుగానే ‘మామ్మగారిని అడిగానని చెప్పు’ అంది. నేను ఫోను చెవి దగ్గరే ఉంచుకుని ఇటు తిరిగి, ‘హహా గా యొరొషికు తొ ఇత్తె ఇమాసు’ అన్నాను. మామ్మగారు కత్తి పక్కన పెట్టి, ఫోను వైపు తల వంచి, ‘కొచిరా కొసొ, తొ ఇత్తె ఒయితె నె’ అన్నారు. ఇత్తె చెప్పి, ఒయితె పెట్టు.

‘అడగాల్సింది మేమే అని చెప్పి పెట్టమంటున్నారమ్మా’ అన్నాను. అమ్మకు అందులో వింతేమీ కనబడలేదు. పెట్టెలో పచ్చడి సీసా ఖాళీదైనా సరే మరిచిపోకుండా పట్టుకు రమ్మంది.